పిడికెడు సంఘం వారి గిర్ని

కొంపల్లి,
7 జూలై 2024.

అనసూయ వదినకు పార్వతి నమస్కారాలు.

మేమిద్దరం బాగున్నాం, మీ తమ్ముడి ఎడమ మోకాలు తప్ప. ఫోన్ చేస్తే మీకు వినబడదు, మెసేజ్ పెడితే మీరు తెరవరు. అందుకే పోస్టాఫీసుకు వెళ్ళి పది కవర్లు ఒకేసారి తెచ్చుకున్నాను.

అత్తమ్మ పేరు మీద మీరు పంపిన డెబ్బై వేలు సోమవారం సంఘం ఖాతాలో చేరాయి. రసీదు ఈ కవరులోనే ఉంది, పారేయకండి. అసలు ఆ సంఘం ఏమిటో, డబ్బు ఎటు పోతుందో వివరంగా రాయమన్నారు.

అలియాబాద్‌లో సుందరమ్మ గారని ఒక పెద్దావిడ ఉన్నారు. వాళ్ళ చర్చిలో ఎప్పటి నుంచో ఒక పద్ధతి ఉంది. ఇంటావిడ అన్నానికి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న ముంతలో వేస్తుంది. ఆదివారం ఆ ముంత చర్చికి వెళుతుంది. సుందరమ్మ గారు ఆ పద్ధతిని చర్చి గడప దాటించి ఊరందరిదీ చేశారు. ఇప్పుడు అలియాబాద్‌లో తొంభై ఇళ్ళు, కొంపల్లిలో మా అపార్టుమెంటుతో కలిపి అరవై ఇళ్ళు ముంతలు పెట్టుకున్నాయి. నెలకు రెండు క్వింటాళ్ళ పైనే వస్తాయి. మేడ్చల్‌లో ఒక హాస్టల్ వాళ్ళు కొంటారు. ఆ డబ్బుతోనే సాయంత్రం బడి నడుస్తుంది, ఆడవాళ్ళకు రెండు కుట్టు మిషన్లు వచ్చాయి, నెలకోసారి రక్తం, బీపీ, షుగరు పరీక్షలు జరుగుతాయి. పేరు పిడికెడు సంఘం. లెక్కలు రాసేది నేను.

బడిలో ఇప్పుడు ఏడుగురు ఆడపిల్లలు. అందరూ మధ్యలో చదువు ఆగిపోయినవాళ్ళే. వచ్చే ఏప్రిల్‌లో ఓపెన్ స్కూల్ పదో తరగతి రాయాలి. వాళ్ళలో కావ్య అనే పిల్లకు పదహారేళ్ళు. తల్లి సాలమ్మ శామీర్‌పేట రోడ్డు మీద చేపలమ్ముతుంది, తండ్రి ముత్తయ్య చెరువులో వల వేస్తాడు. ముత్తయ్యను ఒప్పించడానికి మేము నాలుగుసార్లు వెళ్ళాం. చివరికి ఇలా అన్నాడు:

"అమ్మా, మీ మాట తీసెయ్యలేక ఒక్క ఏడాది ఇస్తున్న. పాసైతే మంచిదే. తప్పిందనుకో, రిజల్టొచ్చిన తెల్లారే కోళ్ళ ఫారంల గుడ్లు ఏరే పనికి పోవుడే. సేటుతోని మాట్లాడి పెట్టిన. మళ్ళ నా ఇంటికి రావద్దు."

సరేనన్నాం. మీ డబ్బు ఈ ఏడుగురి కోసమే.

ఇంకో చిన్న సంగతి. ప్రతి శనివారం బియ్యం రకరకాల సంచుల్లో వస్తున్నాయి, ఒక్కో సంచికి ఒక్కో తూకం, తరుగు వేరు. నాకది నచ్చలేదు. ఈ నెల ఒక పెద్ద డ్రమ్ము కొన్నాను. అన్నీ అందులోనే పోసి ఒక్కసారి తూచితే లెక్క ఒక్క వరుసలో వస్తుంది.

మందులు వేళకు వేసుకోండి.
మీ పార్వతి.


కాగజ్‌నగర్,
19 జూలై 2024.

పార్వతికి అక్షింతలు.

రసీదు అందింది. మా అమ్మ పేరులో గుడిదీర్ఘం సరిగ్గానే రాశావు. బ్యాంకు వాళ్ళు ఒక్కనాడూ రాయలేదు.

డబ్బు ఇచ్చాను గనుక షరతు చెప్పే హక్కు నాకుంది. అది ఆడపిల్లల చదువుకే. సారు జీతం, పుస్తకాలు, పరీక్ష ఫీజు. మరి దేనికీ కాదు. మీటింగుల్లో టీ, బిస్కెట్లకు కూడా కాదు. మా అమ్మ బతికినన్నాళ్ళూ వేలిముద్ర వేసింది. పింఛను కాగితం మీద వేలు నొక్కి, ఆ సిరా మరకను మూడు రోజులు కొంగులో దాచుకునేది. ఆమె పేరున ఇచ్చిన డబ్బు అక్షరానికే పోవాలి.

ఇక్కడ ఎండ తగ్గలేదు. పక్కింటి వాళ్ళు కొత్త టీవీ కొన్నారట, వాడకట్టంతా గోల గోల అని చెప్పుకుంటున్నారు. చెవులు పోయినందుకు ఇదొక్కటే లాభం.

ఫణిని మెట్లు ఎక్కనివ్వకు.
అనసూయ.


కొంపల్లి,
25 ఆగస్టు 2024.

వదినకు నమస్కారాలు.

ఒక తప్పు జరిగింది. చేసింది నేనే. మొదట అదే రాస్తాను.

డ్రమ్ము సంగతి చెప్పాను కదా. అలియాబాద్ ఇళ్ళ నుంచి వచ్చేది వాళ్ళ పొలాల్లో పండిన దొడ్డు బియ్యం. మా అపార్టుమెంటులో ఒకరు సన్నబియ్యం వేస్తారు, ఒకరు ఇడ్లీ బియ్యం, ఒకరు బిర్యానీకి తెచ్చి మిగిలిన బాస్మతి. ఇదివరకు సంచులు వేరుగా ఉండేవి గనుక రకాలు వేరుగానే ఉండేవి. నేను లెక్క శుభ్రంగా రావాలని అన్నీ ఒక్క డ్రమ్ములో పోయించాను. ఒకటిన్నర నెల. మూడు క్వింటాళ్ళ నలభై కిలోలు. తూకం మాత్రం గ్రాముతో సహా సరిగ్గా ఉంది.

హాస్టల్ వంటమనిషి వండి చూసి సంచులన్నీ వెనక్కి పంపించాడు. "సగం గంజైంది, సగం పలుకున్నది. పిల్లలు నన్ను తంతరు" అన్నాడట. ఇంకెవరూ కొనలేదు. ఈ నెల సంఘం రాబడి సున్నా.

మీటింగులో నేను తలవంచుకుని కూర్చున్నాను. అప్పుడు సాలమ్మ లేచింది. ఆమె మాటలు రాసుకున్నాను, ఉన్నవున్నట్టు పంపుతున్నాను.

"పార్వతమ్మా, ఏడుస్తవేంది? పిండి పట్టియ్యి. పిండిల పడ్డంక సన్నదేంది, దొడ్డుదేంది? కొంపల్లి బియ్యం, అలియాబాద్ బియ్యం ఒక్కటైపాయె. సకినాలు జేస్తం, అప్పాలు జేస్తం, మీ అపార్టుమెంటోళ్ళకే అమ్ముతం."

ఎవరి గిర్నిలోనో పట్టిస్తే కిలోకు ఇంతని పోతుంది. పైగా ముందు ఎవరో మిరపకాయలు పట్టిస్తే మన పిండి ఘాటెక్కుతుంది. గండిమైసమ్మ దగ్గర ఒకాయన తన గిర్నిని మోటారుతో సహా అరవై మూడు వేలకు అమ్ముతున్నాడు. సంఘంలో ఉన్న డబ్బంటే మీరిచ్చిందే. నేను కుదరదన్నాను, అది చదువు డబ్బు అన్నాను. సాలమ్మ నా ముందుకొచ్చి నిలబడింది.

"సదువు జెప్పే సారుకు పైసలిస్తున్నరు, మంచిదే. ఇంట్ల పొయ్యి వెలగకపాయె, పొద్దుగూకంగ పిల్ల సారు దగ్గరికెట్లొస్తది? మొన్న మూడొద్దులు నా కావ్య రాలే. ఎందుకు రాలేదో నీ బుక్కుల రాసినవా? చామంతి తోటల పూలు తెంపనీకి పోయింది, రోజుకు మూడొందలకు. నాకు పని సూపియ్యి. పిల్లను నేనే పంపుత."

హాజరు పట్టికలో 'రాలేదు' అని మాత్రమే రాసి ఉంది వదినా. ఎందుకో రాసే గడి నేను గీయలేదు.

పన్నెండు మందిమి ఓటు వేశాం. అందరికంటే చివర చెయ్యెత్తింది నేను. మీరిచ్చిన డబ్బులో అరవై మూడు వేలు పెట్టి గిర్ని కొన్నాం.

(రెండో పేజీ)

గిర్ని సంపాదించే ప్రతి రూపాయీ ముందు చదువు పద్దుకే తిరిగి రావాలని తీర్మానం రాసి అందరి చేతా సంతకాలు చేయించాను. మిగిలిన ఏడు వేలు పరీక్ష ఫీజుకు కదలకుండా ఉంచాను.

ఇంకో కష్టం. లెక్కలు చెప్పే భానుప్రకాశ్ సారుకు ఈ నెల జీతం ఇవ్వలేకపోయాం. అతనికి వేరే ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాడు. మిగతా సబ్జెక్టులు సుందరమ్మ గారి కోడలు రెబెక్కా చూసుకుంటుంది. లెక్కలకే ఎవరూ లేరు. మీరు ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పినవారు. వీలైతే పిల్లలకు నాలుగు లెక్కలు రాసి పోస్టులో పంపగలరా? చేయించి తిరిగి పంపుతాను.

మీ పార్వతి.


కాగజ్‌నగర్,
6 సెప్టెంబరు 2024.

ఒక విశ్రాంత ఉపాధ్యాయిని ఆడపిల్లల చదువు నిమిత్తము రూ. 70,000 ఇచ్చెను. అందులో రూ. 63,000 పెట్టి పిండిగిర్ని కొనిరి.

(అ) గిర్ని వలన నెలకు రూ. 3,500 మిగులుననుకొనిన, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు ఎన్ని నెలలు పట్టును?

(ఆ) పరీక్షకు మిగిలినవి ఏడు నెలలు. అప్పటికి ఇంకను ఎంత లోటు?

(ఇ) ఆ లోటుకు జవాబు చెప్పవలసినది ఎవరు?

దశలన్నియు చూపవలెను.


కొంపల్లి,
24 సెప్టెంబరు 2024.

వదినకు వేల నమస్కారాలు.

మీ ఉత్తరం తెరవడానికి భయపడ్డాను. తెరిచి చూస్తే తిట్టు ఒక్కటీ లేదు, అడిగిన వెంటనే లెక్క పంపారు! అదీ మన గిర్ని మీదే. శుక్రవారం బోర్డు మీద రాయించాను. ఏడుగురూ చేశారు. ఏడు కాగితాలూ జత చేశాను. ఇద్దరు భాగహారం దగ్గర తప్పారు. ప్రియాంక సరిగ్గా చేసి, జవాబు కింద గీత గీయడం మరిచిపోయింది. మీరు గీత చూస్తారని నేను చెప్పాను.

కావ్య కాగితం విడిగా పిన్ను పెట్టాను. ఆమె రాసింది ఇది:

"(అ) 63,000 ÷ 3,500 = 18 నెలలు. కాని ప్రశ్నలో 3,500 అనునది తప్పు. మొదటి నెల కరెంటు బిల్లు పోను 5,200 మిగిలినదని మా అమ్మ చెప్పినది. ఆ ప్రకారము 12 నెలలకు 62,400. ఇంకను 600 కావలెను గనుక 13వ నెలలో తీరును.
(ఆ) మీ లెక్క ప్రకారము లోటు 38,500. మా లెక్క ప్రకారము 26,600.
(ఇ) మేము. ఏప్రిల్‌లో."

రెబెక్కా "ప్రశ్నను తప్పు పట్టకూడదే" అని మందలించింది. కావ్య "తప్పున్నా పట్టొద్దా?" అంది.

సకినాలు మొదటి దఫా రాయిలా వచ్చాయి. మీ తమ్ముడు పంటికి పరీక్ష పెట్టి వద్దన్నాడు. రెండో దఫాకు సాలమ్మ బియ్యం ఎక్కువసేపు నానబెట్టింది. పదిహేను కిలోలు గంటలో అయిపోయాయి.

మరిన్ని లెక్కలు పంపండి.
మీ పార్వతి.


కాగజ్‌నగర్,
9 అక్టోబరు 2024.

పార్వతికి.

ఏడు కాగితాలూ ఎర్ర సిరాతో దిద్ది పంపుతున్నాను. తప్పు దగ్గర సున్నా పెట్టాను, ఎందుకు తప్పో పక్కన రాశాను. తల్లులకు చూపించి సంతకం తీసుకో. సంతకం రానివాళ్ళు నేర్చుకుని పెట్టాలి.

ఇప్పుడు నీకో మాట చెప్పాలి. ఆ లెక్క పిల్లల కోసం కాదు. నీ కోసం. నీ ఆగస్టు ఉత్తరంలో మొదటి పేజీ అడుగున 'గిర్ని కొన్నాం' అన్న మాట చదివి, మడిచి బీరువాలో పడేశాను. రెండో పేజీ ఉందని చూడనే లేదు. కోపంతో ఇంకేమీ రాయలేక ఆ లెక్క రాశాను. తల దించుకుని నువ్వు జవాబు రాస్తావనుకున్నాను. నువ్వేమో బోర్డెక్కించావు. కవరు విప్పి ఏడుగురి చేతిరాతలు చూశాక రెండో పేజీ వెతికి చదివాను.

నా కోపం పూర్తిగా పోలేదు. షరతు షరతే. నువ్వు ముందు అడిగి ఉండాల్సింది. కాని పిల్లలు చేసిన నేరం లేదు గనుక ఇరవై లెక్కలు జత చేశాను. ప్రతి పదిహేను రోజులకూ ఇరవై వస్తాయి. ఆలస్యమైతే పోస్టుమాన్ తప్పని చెప్పొద్దు.

ప్రశ్నను తప్పు పట్టిన పిల్లకు నూటికి నూరు వేశాను. నాది ఊహించి వేసిన అంకె, ఆమెది అడిగి తెచ్చిన అంకె. ఆమెదే సరి.

అనసూయ.


కొంపల్లి,
17 నవంబరు 2024.

వదినకు నమస్కారాలు.

ముందు అడగనందుకు నన్ను క్షమించండి. ఇకపైన మీకు చెప్పకుండా పైసా కదిలించను. ఆ లెక్క నాకోసమని తెలిశాక సిగ్గుతో సుందరమ్మ గారికి చెప్పాను. ఆమె పడీ పడీ నవ్వి, "దేవుడు కొన్ని ఉత్తరాలు అడ్రసు మార్చి పంపుతడమ్మా" అంది.

మీ ఎర్ర సిరా ఇక్కడ పెద్ద సంగతి అయిపోయింది. ఎవరికి సున్నాలు తక్కువో లెక్కపెట్టుకుంటున్నారు. సాలమ్మ సంతకం నేర్చుకుంది. 'ల'కు కింద 'మ' ఒత్తు పెట్టింది, అయినా సంతకమే.

ఈసారి ఆరు కాగితాలే పంపుతున్నాను. కావ్య మూడు వారాలుగా క్లాసుకు రావడం లేదు. కారణం కొంత తెలిసింది గాని పూర్తి కాగితం చేతికి రాకుండా నేను ఏదీ రాయను. వచ్చాక రాస్తాను.

మీ పార్వతి.


కాగజ్‌నగర్,
23 నవంబరు 2024.

పార్వతీ,

కారణం నువ్వు రాయక్కర్లేదు. నాకు తెలుసు. ఆ తండ్రి మాట తప్పాడు. పిల్లను కోళ్ళ ఫారానికి పంపేశాడు. ఏడాది గడువిచ్చి అయిదు నెలలకే లాక్కున్నాడు. నువ్వు మెత్తని మనిషివి, నీతో కాదు. అతనికి నేనే నేరుగా ఉత్తరం రాసి ఈ రోజే పోస్టు చేశాను. అడ్రసు తెలియక 'ముత్తయ్య గారు, చేపలు పట్టువారు, చెరువు కట్ట, శామీర్‌పేట' అని రాశాను. ఒక్క మాట కూడా దాచుకోలేదు.

అనసూయ.


కొంపల్లి,
15 డిసెంబరు 2024.

అయ్యో వదినా!

ముందు ఆ పిల్ల సంగతి. కావ్య ఫారానికి పోలేదు. అక్టోబరు చివర క్లాసులో కళ్ళు తిరిగి పడింది. మన సంఘం రక్త పరీక్షల రోజున చూస్తే హిమోగ్లోబిన్ ఆరు పాయింట్ ఎనిమిది వచ్చింది. పన్నెండుండాలి. నేను నమ్మక మేడ్చల్‌లో మళ్ళీ పరీక్ష చేయించాను. ఆ రెండో కాగితం కోసమే ఆగాను. డాక్టరు సూదులు, మాత్రలు రాసి, నెల రోజులు కదలకుండా పడుకోమన్నారు. ఆ ఖర్చంతా సంఘానిది. ఇప్పుడు పది దాటింది, సోమవారం నుంచి క్లాసుకు వస్తోంది. పడుకుని కూడా మీ ఇరవై లెక్కలూ చేసింది, ఇందులో ఉన్నాయి. మీకు ఆ రోజే రెండు ముక్కలు రాసి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఇక మీ ఉత్తరం కథ వినండి. సాలమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పోస్టుమాన్ కట్ట మీదికొచ్చి "ముత్తయ్య గారెవరు?" అని కేకేశాడట. వలలు ఆరేసుకుంటున్న వాళ్ళంతా ఒకటే నవ్వు. "గారెవరే? మన ముత్తిగాడే!" ముత్తయ్యకు పుట్టి బుద్ధెరిగాక తన పేరున ఉత్తరం రావడం అదే మొదలు. చేతులు లుంగీకి తుడుచుకుని తీసుకున్నాడు, విప్పలేదు. అలాగే ఇంటికి తెచ్చి, మంచంలో ఉన్న కావ్య చేతికిచ్చి చదవమన్నాడు. ఆమె సగం చదివి ఆగిపోయింది.

"ఆపినవేంది? సదువు."

"నాయినా, గిక్కడి నుంచి నిన్ను తిట్టింది టీచరమ్మ."

"తిట్టని. గారు అనే తిట్టిందా?"

"గారు అనే."

"అయితే సదువు."

'ముత్తయ్య గారూ, మీ అమ్మాయిని గుడ్లు ఏరే పనికి పంపుట, కొత్త వలను కోళ్ళ గంప మీద కప్పుట వంటిది' అని రాశారట మీరు. అది రెండుసార్లు చదివించుకున్నాడు. "నేను పంపనే లేదు గద, గామెకెవరు జెప్పిన్రు?" అన్నాడు. కోపం రాలేదా అని సాలమ్మ అడిగితే, "ఎవ్వరన్న నీ బిడ్డ గింత తెలివైనదని తిడ్తరా? తిట్టుడంటే గట్లుండాలె" అన్నాడట.

ఇప్పుడు ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు. కట్ట మీద అందరికీ చూపించాడు. మర్నాడు ఆ ఫారం సేటు దగ్గరికే వెళ్ళి రెండు ట్రేల గుడ్లు తెచ్చి కూతురి మంచం కింద పెట్టాడు. బిడ్డ ఫారానికి పోలేదు గాని ఫారమే బిడ్డ దగ్గరికి వచ్చింది.

అయినా గడువు మాత్రం గడువే అంటున్నాడు. "టీచరమ్మ గారు మస్తు రాసింది. పాసైతేనే గా రాతకు ఇజ్జత్. తప్పిందో, నేనూ మాటిచ్చిన, సేటూ మాటిచ్చిండు."

సంక్రాంతి పండుగ దగ్గరికొస్తోంది. రెండు వందల పది కిలోల సకినాలకు ఆర్డర్లున్నాయి. సాలమ్మ కింద ఇప్పుడు పద్నాలుగు మంది పని చేస్తున్నారు. గుడ్డ మీద పిండితో చుట్లు తిప్పుతుంటే చూడాలి మీరు, ముగ్గు వేస్తున్నట్టే. నేనూ ఒకటి తిప్పాను. "గది సకినం గాదు పార్వతమ్మా, జిలేబి" అని పక్కకు నెట్టారు.

మీ పార్వతి.


కాగజ్‌నగర్,
14 ఏప్రిల్ 2025.

పార్వతికి.

ఆ డిసెంబరు ఉత్తరానికి నేను సరిగ్గా జవాబు రాయలేదు. లెక్కలు పంపుతూ తప్పించుకున్నాను. మనిషిని చూడకుండా, సంగతి తెలియకుండా తిట్టాను. ముత్తయ్య గారికి నా తరఫున చెప్పు. మళ్ళీ ఉత్తరం రాయమంటే రాస్తాను, ఈసారి తిట్లు లేకుండా. బాగుండదేమో మరి.

పరీక్షలు వచ్చే వారమే. ఇది ఏడుగురికీ చదివి వినిపించు:

ప్రశ్నపత్రం ఇవ్వగానే రాయడం మొదలుపెట్టొద్దు. రెండుసార్లు చదవండి. రెండో పేజీ ఉందేమో తిప్పి చూడండి. ఈ మాట తెలియక ఒక పెద్ద టీచరు బాగా నష్టపోయింది. దశలు అన్నీ రాయండి, జవాబు తప్పయినా దశలకు మార్కులుంటాయి. నీళ్ళ సీసా, రెండు పెన్నులు. ఎవరైనా ఏడిస్తే పక్కవాళ్ళు ఓదార్చొద్దు, టైము పోతుంది. బయటకు వచ్చాక అందరూ కలిసి ఏడవండి.

ఈ పిల్లల చేతిరాతలు నాకు ఏడూ గుర్తే. ముఖాలు ఒక్కటీ తెలియదు.

అనసూయ.


కొంపల్లి,
5 జూన్ 2025.

వదినకు, ఏడుగురి తరఫునా, పద్నాలుగు మంది సకినాల వాళ్ళ తరఫునా, సుందరమ్మ గారి తరఫునా, నా తరఫునా నమస్కారాలు.

ఎప్పటిలా వరుసలో రాయాలని కూర్చున్నాను. మే 17న గిర్ని ఖర్చు అరవై మూడు వేలూ చదువు పద్దుకు తిరిగి వచ్చేశాయి. మీరు పద్దెనిమిది నెలలన్నారు, కావ్య పదమూడన్నది. తొమ్మిది నెలలకే తీరింది. ఇద్దరూ తప్పారు. పండుగ సకినాలు మీ ఇద్దరి లెక్కలోనూ లేవు.

ఇక నా చేత కాదు. రిజల్టు రాస్తున్నాను.

ఏడుగురిలో ఆరుగురు పాస్! ప్రియాంక ఇంగ్లీషులో నాలుగు మార్కులతో తప్పింది. ఒక రోజు ఏడ్చింది, రెండో రోజు మళ్ళీ రాయడానికి ఫీజు కట్టింది. లెక్కల్లో ఏడుగురూ పాసే. కావ్యకు లెక్కల్లో తొంభై మూడు.

ఆ మధ్యాహ్నం రెబెక్కా ఫోనులో చూసి, అలాగే నా చేతికిచ్చింది. నేను అంకె రెండుసార్లు సరిచూశాను, నంబరూ పేరూ కూడా. గిర్ని నడుస్తోంది, ఏం చెప్పినా సాలమ్మకు వినబడలేదు. ఒళ్ళంతా పిండి, కనురెప్పల మీద కూడా పిండి. నేను ఫోను ఆమె ముఖానికి అడ్డం పెట్టాను. ఆమె చదవలేదు గాని అంకెలు గుర్తుపడుతుంది.

"తొంభై మూడా? నూటికా?"

"నూటికే!" అని చెవిలో అరిచాను.

స్విచ్చు కట్టేసింది. నడుస్తున్న గిర్నిని మధ్యలో ఆపొద్దని మాకందరికీ రోజూ చెప్పే మనిషి. పిండి చేతులతోనే పక్కనున్న కావ్య బుగ్గలు పట్టుకుంది. పిల్ల ముఖం తెల్లగా అయిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ పిండిలో ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం ముత్తయ్య వచ్చాడు. ఏమంటాడోనని మేమంతా లేచి నిలబడ్డాం. కూతురిని చూడలేదు, నన్నే అడిగాడు.

"పార్వతమ్మా, గీ తొంభై మూడుకు ముందుకేం సదువుతది?"

"ఇంటర్. తరువాత ఆమె ఇష్టం."

"బ్యాంకుల కూసునే సదువుందా?"

"ఉంది."

"ఇగ సేటుకు ఫోన్ జెయ్యి. నాకు మాటొస్తలేదు. ముత్తయ్య గారి బిడ్డ రాదని జెప్పు."

నేనే ఫోన్ చేశాను వదినా. ఆ మాటే చెప్పాను, 'గారి'తో సహా.

నిన్న ఉదయం అతను బకెట్టుతో మా అపార్టుమెంటుకు వచ్చాడు. లిఫ్టులో నీళ్ళు తొణికాయని వాచ్‌మన్‌తో గొడవ. బకెట్టులో మూరెడు కొర్రమట్ట, బతికున్నది. "టీచరమ్మ గారికి పంపియ్యి" అన్నాడు. చేపను కాగజ్‌నగర్‌కు పోస్టులో పంపలేమని నచ్చజెప్పాను. "అయితే గామెనే పిలిపియ్యి. కొర్రమట్ట నీళ్ళు మారిస్తే పది పదిహేనొద్దులు బతుకుతది" అని బాల్కనీలో పెట్టి వెళ్ళిపోయాడు. మీ తమ్ముడు మోకాలి నొప్పి మరిచిపోయి గంటకోసారి వెళ్ళి చూసి వస్తున్నాడు. నిన్న దానిపైన బండ పెట్టాం, ఎగిరి పక్కింటి తులసి కుండీలో పడిందని.

కొత్త బ్యాచికి పంతొమ్మిది మంది పేర్లిచ్చారు. పంతొమ్మిదో పేరు సాలమ్మది. వయసు నలభై ఒకటి అని తనే చెప్పి రాయించింది. "నా పిల్లకు సదువొస్తే నాకెందుకు రాదు? గిర్ని ఆరింటికి బంద్ జేస్త" అంది.

ఎప్పుడు వస్తారు?

మీ పార్వతి.


కాగజ్‌నగర్,
10 జూన్ 2025.

పార్వతీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, రెండు పేజీలూ.

శనివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరుతున్నాను. ఫణిని స్టేషనుకు పంపకు, నువ్వు రా. చేపను ఆదివారం దాకా బతికించండి. పులుసు నేనే పెడతాను, ముత్తయ్య గారి కుటుంబాన్ని భోజనానికి పిలువు. ఆయన ఎదురుగా కూర్చుని తినాలి, వడ్డించేది నేను.

ఒక నెల ఉండిపోదామని బట్టలు సర్దుకున్నాను. చాలదేమోనని ఇంటి తాళం పక్కింటి వాళ్ళకిచ్చాను.

కావ్యను ఇంటర్‌లో చేర్చే రోజు నేనూ వెంట వస్తాను. ప్రియాంక ఇంగ్లీషు పేపరు తీసి పెట్టు, ఎక్కడ తప్పిందో చూడాలి.

పంతొమ్మిది మందికీ చెప్పు. సోమవారం క్లాసు ఆరు గంటలకు. గిర్ని ఆరింటికి ఆపితే సాలమ్మ ఆరూ పదికి గాని రాలేదు. ఆమె అయిదూ ముప్పావుకే ఆపాలి. పిండి కడుక్కోనవసరం లేదు, అలాగే వచ్చి ముందు వరుసలో కూర్చోమను.

అనసూయ.